డ్రాల రాజు ష్లెక్టర్

1910వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున బెర్లిన్ నగరములో ఇరువురు మనుష్యులు ఒక చదరంగపు బల్లకు ఇరుప్రక్కల కూర్చుండిరి. ప్రపంచ ఛాంపియను పదవికై జరుగుచున్న పది ఆటల పోటీలో అది పదవ ఆట. అంతకు ముందు జరిగిన తొమ్మిదింటిలో ఎనిమిది ఆటలు డ్రాగా ముగిసినవి. మిగిలిన ఒక్క ఆటను గెలిచినవాడు పదునారేండ్లుగా ఛాంపియను పీఠమును ఏలుచున్న ఇమాన్యుయెల్ లాస్కర్ కాదు. అతనికి ఎదురుగా కూర్చున్న వియన్నా వాస్తవ్యుడు, మితభాషి, మృదుస్వభావుడు అయిన కార్ల్ ష్లెక్టర్. ఆ చివరి ఆటను గూడ డ్రా చేసికొనినచో లెక్క ప్రకారము పోటీలో ష్లెక్టరుదే పైచేయి. అతనికి డ్రా చేయుట ఎవరును నేర్పవలసిన విద్య కాదు. యూరపులోని చదరంగ ప్రియులందరును అతనిని డ్రాల రాజు అని పిలుచుచుండిరి.

ఆ దినమున అతడు డ్రాకై ఆడలేదు; గెలుపుకై ఆడెను. ఎందుకు? ఈ ప్రశ్నకు నూరేండ్లు దాటినను సర్వసమ్మతమైన సమాధానము రాలేదు. ఆ ప్రశ్నను గురించి యోచించుటకు ముందు ఆ మనుష్యుని జీవితమును కొంచెము తెలిసికొనుట అవసరము.

కార్ల్ ష్లెక్టర్ 1874వ సంవత్సరము మార్చి 2వ తేదీన వియన్నాలో జన్మించెను. అప్పుడా నగరము ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు రాజధాని. సంగీతమునకు ఎంత ప్రసిద్ధమో కాఫీ హోటళ్లకును అంత ప్రసిద్ధము. వియన్నాలో కాఫీ హోటలనగా త్రాగి లేచిపోవు చోటు కాదు. ఒక కప్పు కాఫీ తెప్పించుకొని సాయంకాలము వరకు వార్తాపత్రికలు చదువవచ్చును, వాదించవచ్చును, చదరంగమాడవచ్చును. మన పల్లెలలో రచ్చబండ యెట్టిదో వారికి కాఫీ హోటలు అట్టిది. ష్లెక్టర్ పదమూడవ యేట ఆట నేర్చుకొనెను. గొప్ప ఆటగాండ్రలో పెక్కుమంది ఐదారేండ్ల వయస్సుననే ఆరంభించిన వారగుటచే ఇది కొంచెము ఆలస్యమనియే చెప్పవలెను. అతనికి తొలి గురువు సామ్యూల్ గోల్డ్ అను చదరంగ సమస్యల రచయిత. మన అవధానములలో సమస్యాపూరణ మెట్టిదో చదరంగములో సమస్య అట్టిది. ఇచ్చిన స్థితిలో ఇన్ని ఎత్తులలో ఆట కట్టించుమని దాని షరతు. ఇట్టి గురువుకడ నేర్చినందువలననే కాబోలు, ష్లెక్టర్ జీవితాంతము సమస్యలు కూర్చుచునే యుండెను. ఆటలోను అతని ఎత్తులకు ఒక శుచి, ఒక పొదుపు ఉండెడివి.

అతని కీర్తికిని అపకీర్తికిని మొదటి కారణము 1893లో జరిగిన ఒక పోటీ. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. వియన్నాలోనే మరియొక ప్రసిద్ధ ఆటగాడైన గెయోర్గ్ మార్కోతో అతడు పది ఆటలాడెను. పదియు డ్రాలే. ఒక్కడును ఒక్క ఆటయు గెలువలేదు, ఓడలేదు. చూడవచ్చినవారికి ఇది ఎంత నీరసముగా తోచియుండునో ఊహించుకొనవచ్చును. వియన్నా ఆటగాండ్రు కాఫీ చల్లారకముందే చేతులు కలుపుకొని లేచిపోవుదురను అపవాదు అటుపిమ్మట బాగుగా వ్యాపించెను. ష్లెక్టరునకు అంటిన పేరు చివరివరకును వదలలేదు.

చదరంగము తెలియని విద్యార్థులకై ఇచట ఒక మాట. ఈ ఆటలో ఫలితములు మూడు. గెలిచినవానికి ఒక పాయింటు, ఓడినవానికి సున్న, డ్రా అయినచో చెరి సగము. డ్రా అనేక విధముల కలుగును. రాజునకు ఎదురుదెబ్బ లేకుండగనే ఎత్తు వేయుటకు వీలులేని స్థితి రావచ్చును. ఒకే స్థితి మూడుమారులు తిరిగి రావచ్చును. ఇరువురికడను ఆట కట్టించుటకు చాలినంత బలము మిగులక పోవచ్చును. ఇవన్నియు ఆటలోనుండి పుట్టిన డ్రాలు. వీనిని ఎవరును నిందింపరు. నాలుగు గంటలు పెనుగులాడి, చివరకు రెండు రాజులు మాత్రమే బల్లమీద మిగిలిన డ్రాకు కొన్ని గెలుపులకు లేని గౌరవము కలదు. నింద అంతయు నాల్గవ విధమునకు వచ్చినది. ఇరువురు ఆటగాండ్రు మాటలాడుకొని, ఇక చాలునని ఒప్పుకొని చేతులు కలుపుట. బలగములు ఇంకను గళ్ళలో నిండియుండగా, పదునైదు ఇరువది ఎత్తులకే, యుద్ధము ఆరంభము కాకముందే సంధి జరిగినచో దానిని ఆటయందుమా?

ఆటగాండ్ర పక్షమున చెప్పవలసినదియు లేకపోలేదు. పెద్ద పోటీలలో ఒక్కొక్కరు పదునైదు ఇరువదిమందితో ఆడవలెను. నిన్న ఆరు గంటలు ఆడి ఓడినవానికి నేడు బలమైన ప్రత్యర్థి ఎదురైనచో విశ్రాంతి కావలెను. చివరి రోజులలో ముందంజలో నున్నవానికి సగము పాయింటే బహుమతిని నిశ్చయము చేయును. దానిని వదలి ప్రమాదమునకు పోవుట బుద్ధిమంతుని లక్షణము కాదని అతడు వాదింపవచ్చును. చదరంగమే జీవనాధారమైన వానికి బహుమతి సొమ్మనగా ఇంటి అద్దె, పొయ్యిలోని బొగ్గు. కాని పోటీ పెట్టినవారికిని టిక్కెట్టు కొని వచ్చినవారికిని ఈ వాదము రుచింపదు. ఈ తగవు ష్లెక్టరు కాలమున పుట్టినదియు కాదు, అతనితో పోయినదియు కాదు.

అంతకు పూర్వమే 1883లో లండను పోటీ నిర్వాహకులు డ్రా అయిన ఆటను మరల ఆడింపసాగిరి. రెండుమారులు డ్రా అయినచో మూడవమారు కూడ ఆడవలసినదే. ఆ మూడవ డ్రాయే లెక్కలోనికి వచ్చును. 1901లో మాంటికార్లో పోటీ నిర్వాహకులు మరియొక ఉపాయము పన్నిరి. డ్రా చేసికొన్నవారికి చెరి పావు పాయింటు మాత్రమే యిచ్చి, మరల ఒక ఆట ఆడించి, తక్కిన అరపాయింటును దాని ఫలితమును బట్టి పంచిరి. డ్రాల రాజునకు ఇది ఉరిత్రాడగునని ఎవరైనను అనుకొనియుందురు. ఆ పోటీలో మొదటి బహుమతి ఉగ్రముగా దాడిచేయు యానోవ్‌స్కీది. రెండవది ష్లెక్టరుది! డ్రాను శిక్షించుటకు పెట్టిన నియమమే అతనిని శిక్షింపలేకపోయినది. మరుసటి సంవత్సరము అదే యానోవ్‌స్కీతో కార్ల్స్‌బాదులో అతడు విడిగా పది ఆటలాడెను. ఆరు గెలిచెను, ఒకటి ఓడెను, మూడు డ్రా చేసెను. పిరికివాని లెక్క ఇట్లుండదు.

నిజమునకు అతని డ్రాలలో పిరికితనము కంటె స్వభావముయొక్క పాలు ఎక్కువ. అతనిని ఎరిగినవారందరును చెప్పినది ఒకటే: అతనికి ఎదుటివానిని నొప్పించుట చేతకాదు. ప్రత్యర్థి ఒంట్లో బాగులేక వచ్చినచో తానే డ్రా ఇవ్వజూపెడివాడు. పోటీ ఆటలో ఇరువురికిని వేరువేరు గడియారములుండును; ఎవరి ఎత్తుకు వారి గడియారము నడచును. ప్రత్యర్థి ఆలస్యముగా వచ్చినచో అతనికి ఎంతకాలము నష్టమయ్యెనో అంతకాలమును ష్లెక్టర్ ఎవరికిని తెలియకుండ తన గడియారమునుండి గూడ తీసివేసెడివాడట. లాస్కర్ నలువదవ పుట్టినదినమునకు తాను కూర్చిన ఒక చదరంగ సమస్యను అంకితము చేసెను. మరి యొక సంవత్సరము దాటగనే లాస్కరుతోనే అతడు పోరవలసివచ్చును.

ఇట్టి మనుష్యుడు పోటీలు గెలువలేడని తలచుట సహజము. కాని చూడుడు. 1900లో మ్యూనిక్ పోటీలో అమెరికా వీరుడు పిల్స్‌బరీ, హంగరీ వీరుడు మరోత్సీలతో సమానముగా మొదటి స్థానమున నిలిచెను. 1904లో కోబర్గులో మరి ఇరువురితో కలిసి ప్రథముడు. 1906లో బెల్జియము దేశపు ఓస్టెండులో ముప్పదియారుగురు ఆటగాండ్రతో, అంచెలంచెలుగా, వారముల తరబడి ఒక పెద్ద పోటీ జరిగెను. అందులో మరోత్సీ రెండవవాడు, అప్పుడప్పుడే పైకివచ్చుచున్న రూబిన్‌ష్టయిన్ మూడవవాడు, ష్లెక్టర్ మొదటివాడు. 1908లో వియన్నాలోను ప్రేగులోను, రెండు చోట్లను, ఇతరులతో కలిసి మొదటి స్థానము. ఓడిపోకుండుటయే అతని బలము. తక్కినవారు ఒకనాడు మెరసి ఒకనాడు కూలుచుండగా అతడు నదివలె సాగిపోయెడివాడు. దాడి చేయవలసి వచ్చినప్పుడు, ఏనుగులను వరుసగా బలియిచ్చి ఆట కట్టించిన సందర్భములును అతని ఆటలలో కలవు. అవి అరుదు కావు. లోకము వానిని గుర్తుంచుకొనలేదు, అంతే.

ఇక లాస్కర్. ఇతడు గణితశాస్త్రములో పండితుడు, తత్త్వశాస్త్ర గ్రంథకర్త, ప్రపంచ ఛాంపియను. 1894లో వృద్ధుడైన ష్టయినిట్సును ఓడించి పీఠమెక్కెను. 1907లో అమెరికాకు చెందిన మార్షలును ఒక్క ఆటయైనను ఓడకుండ ఎనిమిది గెలిచి మట్టికరపించెను. 1908లో జర్మనీలో చదరంగమునకు ఆచార్యపీఠమనదగిన తార్రాషును ఎనిమిది ఆటలలో ఓడించి మూడింట మాత్రమే ఓడెను. ఇతని ఆటలో ఒక విశేషము కలదు. ఇతడు బల్లను మాత్రమే కాదు, ఎదుటి మనుష్యునిగూడ చదివెడివాడు. ఎవడు దేనికి తొట్రుపడునో గ్రహించి ఆ దారికే ఈడ్చెడివాడు. కాని ష్లెక్టరువంటి వానిని ఏ దారికి ఈడ్వగలడు? అతనికి కోపము లేదు, ఆశ లేదు, తొందర లేదు. చెరువులో రాయి వేసినచో అల లేచును. ఇసుకలో వేసినచో ఏమి లేచును?

తొలుత ముప్పది ఆటల పోటీ జరుపుటకు సంప్రదింపులు జరిగినవి. సొమ్ము సమకూడలేదు. చివరకు పది ఆటలకు కుదించిరి. ప్రపంచ ఛాంపియను పదవికి పది ఆటలు ఏ విధముగను చాలవు. ఒక్క పొరపాటుతో సర్వమును తలక్రిందులగును. 1910 జనవరి 7వ తేదీన వియన్నాలో మొదటి ఆట ఆరంభమాయెను.

ఆ మొదటి ఆట చివరిభాగము నేటికిని పాఠ్యగ్రంథములలో ఉదాహరింపబడుచున్నది. ఇరువురికిని ఒక్కొక్క ఏనుగు, కొన్ని బంట్లు మిగిలినవి. ష్లెక్టరుదే పైచేయి. లాస్కర్ తన బంట్లను పట్టుకొని వ్రేలాడక, ఒక బంటును వదలుకొని, తన ఏనుగును స్వేచ్ఛగా తిరుగు చోటికి తెచ్చెను. ఆ ఒక్క యుక్తితో ఆట డ్రా అయినది. తరువాతి మూడాటలును డ్రాయే. పరిహసించువారు పరిహసించిరి. వియన్నావాడు లాస్కరునకు గూడ తన జబ్బును అంటించెనని కొందరనుకొనియుందురు.

ఐదవ ఆటలో లాస్కరుదే మంచి స్థితి. ఎంతో దూరము నడచిన ఆ ఆటలో అతడు గెలుపునకు పెనుగులాడెను. ష్లెక్టర్ మెల్లమెల్లగా కాచుకొనుచు వచ్చెను. చివరకు లాస్కర్ ఒక తప్పుటెత్తు వేసెను. అంతవరకు కదలక కూర్చున్న ష్లెక్టర్ ఆ తప్పును వదలిపెట్టలేదు. ఛాంపియను ఓడిపోయెను. పోటీ సగమైనది, డ్రాల రాజు ఒక పాయింటు ముందున్నాడు!

పోటీ బెర్లినునకు మారెను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, నాలుగును డ్రా. వీనిని చేతులు కలుపుకొని లేచిన డ్రాలని ఎవరును భ్రమింపరాదు. లాస్కరునకు గెలువక తప్పని పరిస్థితి. అతడు ప్రతి ఆటలోను చిక్కులు కల్పించెను. ష్లెక్టర్ ఆ చిక్కులనుండి దాగుకొనక ఎదురునిలిచి పోరాడెను. ఈ పోటీలోని ఎనిమిది డ్రాలను చూచినవానికి డ్రా అను మాటమీదనే గౌరవము కలుగును. లెక్కల పట్టికలో మాత్రము ఇవియు మార్కోతో జరిగిన పది డ్రాలును ఒకే అరపాయింటు గుర్తుతో కనబడును. పట్టికల దోషము అది. మార్కులనుబట్టి విద్యార్థిని కొలుచు ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు.

ఇక పదవ ఆట. తెల్లబలగములు లాస్కరువి. ష్లెక్టర్ మంత్రిప్రక్క బంట్లతో మొదట గట్టి గోడ కట్టి, రాజుప్రక్కనున్న శకటును మూలనుండి దూరముగా గురిపెట్టెను. లాస్కర్ పదునైదవ ఎత్తున రాజుప్రక్క బంటును రెండు గళ్ళు తోసి తెగించెను. అది గెలుపు తప్ప మరియొకటి కోరనివాని ఎత్తు. తన రాజును తానే బయలుపరచుకొనుట. శాంతముగా కూర్చుండి బలగములను మార్చుకొనుచు పోయినచో ష్లెక్టరునకు డ్రా దొరకియుండవచ్చును. అతడట్లు చేయలేదు. అతని మంత్రి ముందునకు దూకి లాస్కర్ రాజుప్రక్క చివరి బంటును తినివేసెను. బల్ల అంతయు మంటలు లేచినవి. రెండు రాజులకును నీడ లేకపోయెను. ఒకదశలో నల్లవారిదే, అనగా ష్లెక్టరుదే, పైచేయి అయ్యెనని తరువాతి విమర్శకులు నిర్ణయించిరి.

ముప్పదియైదవ ఎత్తునకు ఆట కీలకమునకు వచ్చెను. ష్లెక్టర్ తన ఏనుగును ఒక శకటు కొరకు బలియిచ్చెను. ఆ బలి సరికాదని, మరియొక ఎత్తు వేసియున్నచో గెలుపు అవకాశములు తనవేయని నేడు తేలినది. అంతటితోనైనను చేయిదాటలేదు. ముప్పదితొమ్మిదవ ఎత్తున మంత్రితో రాజును సరియైన గడినుండి బెదరించియున్నచో మరల మరల అదే బెదరింపుతో ఆట డ్రాగా ముగియవలసినదే. ష్లెక్టర్ ఆ గడికి పోక ప్రక్క గడికి పోయెను. లాస్కర్ రాజు తప్పించుకొనెను. తరువాత ఆట ఇంకను చాలదూరము సాగెను. ష్లెక్టర్ లొంగలేదు, వెనుకబడియు కాచుకొనెను. కాని లాస్కర్ మరల తప్పు చేయువాడు కాడు. డెబ్బదియొకటవ ఎత్తునకు ష్లెక్టర్ ఓటమి ఒప్పుకొనెను. పోటీ ఫిబ్రవరి 10వ తేదీన ముగిసెను. చెరి ఐదు పాయింట్లు. పోటీ సమానమైనందున పదవి లాస్కరునకే నిలిచెను.

ష్లెక్టర్ డ్రాకు ఎందుకు ఆడలేదు? ఇందుకు ఒక కథ చాలకాలముగా ప్రచారములో నున్నది. ఛాంపియను పదవి పొందవలెనన్న రెండు పాయింట్ల తేడాతో గెలువవలెనని రహస్యమైన షరతు ఉండెననియు, అందువలన అతనికి పదవ ఆట గెలువక తప్పలేదనియు ఆ కథ. ముప్పది ఆటల పోటీని గురించి జరిగిన పూర్వపు సంప్రదింపులలో అట్టి ప్రస్తావన వచ్చెనని చెప్పుదురు. పది ఆటల పోటీకి అది వర్తించెనని నిరూపించు ఒడంబడిక మాత్రము వెలికి రాలేదు. చరిత్రకారులు రెండు పక్షములుగా చీలియున్నారు. మరికొందరు అతనికి డ్రా చేయు అవకాశము కనబడలేదనియు, అలసటచే తప్పు చేసెననియు అందురు. ఇంకను కొందరు, లాస్కర్ ఐదవ ఆటను తన తప్పువలన పోగొట్టుకొన్నందున, అట్టి గెలుపుతో పదవిని అందుకొనుటకు ష్లెక్టర్ మనసొప్పలేదందురు. ఈ చివరి మాట విన సొంపుగా నున్నది. ఇంత సొంపైన దానిని నమ్ముటకు నాకు కొంచెము జంకు. ఏదెట్లున్నను ఆట కండ్లముందున్నది. ఆ ఎత్తులను ఒకదాని తరువాత ఒకటి బల్లమీద పేర్చి చూచినవానికి ఆ దినమున నల్లబలగముల వెనుక కూర్చున్నవాడు సంధి కోరి వచ్చినవాడు కాదని తెలియును.

ష్లెక్టరును పరిహసించినవారికి సమాధానము ఆ యేడాదిలోనే దొరికినది. వేసవిలో హాంబర్గులో జరిగిన పెద్ద పోటీలో అతడు ప్రథముడుగా వచ్చెను. అటు లాస్కర్, అదే సంవత్సరము చివర, యానోవ్‌స్కీతో ఛాంపియను పదవికై పోరి ఎనిమిది గెలిచి, మూడు డ్రా చేసి, ఒక్కటియు ఓడలేదు. ష్లెక్టర్ చేతిలో అంత తడబడినవాడే యానోవ్‌స్కీని ఇట్లు ఊడ్చిపెట్టెను. 1911లో తార్రాషుతో కొలోనులో ష్లెక్టర్ పదునారు ఆటలాడెను. చెరి మూడు గెలుపులు, పది డ్రాలు. మరల సమానమే! లాస్కరుతో మాత్రము అతనికి రెండవ ఛాంపియను పోటీ దొరకలేదు.

పోటీల నడుమ కాలమును అతడు కలముతో గడిపెను. జర్మను చదరంగ పత్రికకు ఎన్నో సంవత్సరములు సంపాదకత్వము వహించెను. బిల్గేరు పేర ప్రసిద్ధమైన చదరంగ మహాగ్రంథమునకు ఎనిమిదవ కూర్పును సిద్ధపరచెను. వేయి పుటలకు మించిన ఆ గ్రంథము 1912 మొదలు 1916 వరకు భాగములుగా వెలువడెను. అంతవరకు తెలిసిన ఆరంభపుటెత్తులన్నియు అందు క్రమముగా కూర్చబడెను. ఎన్ని రాత్రులు, ఎన్ని ఆటలు, ఎంత ఓపిక! నిఘంటువు కూర్చినవారికి మాత్రమే ఆ శ్రమ తెలియును. ఒక తరమువారికి అది ప్రామాణిక గ్రంథమయ్యెను.

1914లో మహాయుద్ధము వచ్చిపడెను. పోటీలు ఆగిపోయినవి. చదరంగమునకు సొమ్మిచ్చు ధనికులు చెదరిపోయిరి. వియన్నాకు ధాన్యము రాక తగ్గెను. చివరి రెండేండ్లలో రొట్టెకును బొగ్గునకును జనులు బారులు తీర్చి నిలువవలసి వచ్చెను. వేరు ఉద్యోగము లేని ష్లెక్టర్ వంటివారి గతి ఏమగును? 1918లో బెర్లినులో కొన్ని చిన్న పోటీలు జరిగినవి. జనవరిలో రూబిన్‌ష్టయినుతో ఆరు ఆటలాడి ఒక్క ఆట తేడాతో ఓడెను. వసంతములో నలుగురి పోటీలో వీద్మర్ వెనుక రెండవవాడుగా నిలిచెను. శరత్కాలమున లాస్కర్, రూబిన్‌ష్టయిన్, తార్రాషులతో మరల నలుగురి పోటీ. అందులో అతడు మూడవవాడు. ఎనిమిదేండ్ల క్రిందట తన పీఠమును కదిలించినవానితో లాస్కర్ మరల అదే నగరములో కూర్చుండెను. ఈమారు లాస్కర్ ప్రథముడాయెను.

నవంబరులో యుద్ధము ముగిసెను, సామ్రాజ్యము ముక్కలయ్యెను. డిసెంబరులో ష్లెక్టర్ బుడాపెస్టులో నుండెను. అప్పటికే దేహము కృశించియుండెను. తిండి చాలక శుష్కించిన ఆ దేహమునకు న్యుమోనియా సోకెను. 1918 డిసెంబరు 27వ తేదీన అతడు మరణించెను. నలువదినాలుగేండ్లు మాత్రమే. ఆ నెల 31వ తేదీన బుడాపెస్టులోనే అతనిని సమాధి చేసిరి. ఎదుటివాని గడియారములో పోయిన నిమిషములను గూడ లెక్కించి తనవి తీసివేసినవాడు, తన ఆకలిని గురించి మిత్రులను అడిగినట్లు ఎవరును వ్రాయలేదు.

డ్రాల తగవు మాత్రము అతనితో సమాధి కాలేదు. 1962లో కరీబియను సముద్రములోని కురసావ్ ద్వీపమున, ఛాంపియనుతో తలపడువానిని ఎన్నుకొనుటకు పోటీ జరిగెను. అందు సోవియట్ ఆటగాండ్రైన పెత్రోస్యాన్, కెరెస్, గెల్లెర్ తమలో తామాడిన పండ్రెండు ఆటలును డ్రా చేసికొనిరి. సగటున పందొమ్మిది ఎత్తులకే అవి ముగిసినవి. అమెరికా యువకుడు బాబీ ఫిషర్ ఇది కుట్రయని పత్రికకెక్కెను. అంతర్జాతీయ సంఘము ఆ తరువాత ఆ దశలో అందరితో అందరు ఆడు పద్ధతిని మాని, ఇద్దరిద్దరి పోటీలను ఏర్పరచెను. ముప్పది ఎత్తులకు ముందు ఒప్పందపు డ్రా కూడదని ఒక నియమము చేసి, అమలుపరచలేక కొంతకాలమునకే విడిచిపెట్టెను. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో ఆటగాండ్రు ఒకరితోనొకరు డ్రా మాట ఎత్తరాదని కట్టడిచేసిరి. 2008లో స్పెయిను దేశపు బిల్బావోలో గెలుపునకు మూడు పాయింట్లు, డ్రాకు ఒక్కటి అని లెక్క మార్చిరి. మాంటికార్లో పావు పాయింటునకు ఇవి మనుమలు.

ఈ నియమములన్నియు రెండు చేతులు కలియు క్షణమును పట్టుకొనజూచినవే. చేతులు కలుపునప్పుడు మనస్సులో నున్నది భయమో, అలసటయో, ఒప్పందమో, దయయో ఏ నియమమును కనిపెట్టలేదు. మార్కోతో పది ఆటలు డ్రా చేసినప్పుడు ష్లెక్టర్ మనస్సులో ఏముండెనో, లాస్కర్ రాజుమీదికి మంత్రిని దూకించినప్పుడు ఏముండెనో ఆ పట్టికలు చెప్పవు.

పదవ ఆటలో నల్లబలగములతో అతడు కట్టిన ఆ మొదటి గోడ, స్లావ్ రక్షణలో రాజుప్రక్క శకటును మూలకు చేర్చు ఆ పద్ధతి, చదరంగ గ్రంథములలో ష్లెక్టర్ పద్ధతియని అతని పేరనే వెలసెను. ప్రపంచ ఛాంపియను పీఠము చేజారిన ఆ ఆటలోని తొలి ఎత్తులను ఆటగాండ్రు నేటికిని, గెలుపునకు కొందరు, డ్రాకు కొందరు, ఆడుచునే యున్నారు.